ఫస్ట్ గ్రేడ్ పిండాలే, అయినా చూడి నిలవలేదు: ల్యాబ్‌లో తయారైన ఆవు పిండాల గ్రేడింగ్‌పై ఒక కేస్ స్టడీ

ఏడో రోజు డిష్ తీసి మైక్రోస్కోప్ కింద పెడితే పిండాలు చూడముచ్చటగా ఉండేవి. పైపొర గుండ్రంగా, నున్నగా ఉంది. లోపల నీటి గది ఏర్పడింది. ఒక పక్కన కణాల ముద్ద కనిపిస్తోంది. షీట్‌లో వరసగా ఫస్ట్ గ్రేడ్ అని రాసుకుంటూ పోయాం. నెల తర్వాత స్కానింగ్ చేస్తే నాలుగు ఆవుల్లో మూడు ఖాళీ. ఇది ఒకటి రెండు బ్యాచ్‌లతో ఆగలేదు, దాదాపు మూడు నెలలు నడిచింది. ఆ మూడు నెలల్లో ఏం ఆలోచించామో, ఎక్కడ పొరబడ్డామో, చివరికి తప్పు ఎలా దొరికిందో ఇక్కడ రాస్తున్నాను. ల్యాబ్ ఎక్కడుందో, ఆవులు ఎవరివో, ఎవరు ఏ పని చేశారో చెప్పను. కేసు అర్థం కావడానికి ఆ వివరాలతో పని లేదు.

నేపథ్యం

మాది అందరూ పాటించే పద్ధతే. ఓపీయూలో, అంటే అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూదితో, డోనర్ ఆవు అండాశయం నుంచి అండాలు తీస్తాం. వాటిని 22 నుంచి 24 గంటలు మెచ్యురేషన్‌లో, అంటే అండాలు పరిపక్వమయ్యే ద్రవంలో ఉంచి, తర్వాత వీర్యకణాలతో కలుపుతాం. ఇంకో 18, 20 గంటలకు చుట్టూ అంటుకుని ఉన్న క్యుములస్ కణాలను తొలగించి కల్చర్ డ్రాప్‌ల్లోకి, అంటే పిండాలు పెరిగే పోషక ద్రవం బొట్లలోకి మారుస్తాం. డ్రాప్‌లు ఆరిపోకుండా పైన మినరల్ ఆయిల్ పోస్తాం. ఇంక్యుబేటర్‌లో 38.5 డిగ్రీల సెల్సియస్ వేడి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్, 5 శాతం ఆక్సిజన్, మిగతాది నైట్రోజన్. వీర్యకణాలు కలిపిన రోజును సున్నాగా లెక్కపెట్టి ఏడో రోజు గ్రేడింగ్ చేస్తాం. వంద అండాలు పెడితే 30, 40 బ్లాస్టోసిస్ట్‌లు, అంటే లోపల నీటి గది ఏర్పడిన పిండాలు, వస్తే ల్యాబ్ బాగానే నడుస్తున్నట్టు.

గ్రేడింగ్‌కు వాడేది అంతర్జాతీయ పిండ సాంకేతిక సంఘం, అంటే ఐఇటిఎస్ కోడ్. అందులో రెండు అంకెలు ఉంటాయి. ఒకటి దశ. 4 అంటే గట్టిపడిన మోరులా (నీటి గది ఇంకా ఏర్పడని కణాల ముద్ద), 5 తొలి బ్లాస్టోసిస్ట్, 6 బ్లాస్టోసిస్ట్, 7 బాగా ఉబ్బిన ఎక్స్‌పాండెడ్ బ్లాస్టోసిస్ట్, 8 పైపొర చీల్చుకుని బయటికి వస్తున్నది. రెండోది నాణ్యత. కణాల్లో కనీసం 85 శాతం చెక్కుచెదరకుండా ఉంటే 1, కనీసం సగం బాగుంటే 2, కనీసం పావు వంతు బాగుంటే 3, చచ్చిపోయినదో పాడైపోయినదో అయితే 4. అంతర్జాతీయ వ్యాపారానికి 1 మాత్రమే పంపాలని సంఘం సిఫార్సు.

ఈ కోడ్ ముఖ్యంగా ఆవు గర్భంలోంచి కడిగి తీసిన పిండాలను చూసి కుదిర్చినది. ల్యాబ్ పిండం తీరు వేరు. కొవ్వు బొట్లు ఎక్కువగా ఉండి నల్లగా కనిపిస్తుంది, ఫ్రీజింగ్‌ను తక్కువగా తట్టుకుంటుంది. రోజూ అవే చూస్తుంటే ఆ నలుపే మామూలు అనిపించడం మొదలవుతుంది. కొత్తగా చేరినవాళ్లు ‘ఇది ఎందుకింత నల్లగా ఉంది’ అని అడిగితే, ఐవిఎఫ్ పిండాలు అంతే అని జవాబు చెప్పేస్తాం. ఆ జవాబు నేనూ చాలాసార్లు చెప్పాను.

సమస్య

అంతకు ముందు ఆరు నెలల్లో ఫ్రెష్‌గా, అంటే ఫ్రీజ్ చేయకుండా, ఎక్కించిన 60 పిండాల్లో 27 చూడి నిలిచాయి. ఆ తర్వాతి మొదటి రెండు బ్యాచ్‌ల్లో 14 ఎక్కిస్తే 4 నిలిచాయి. పద్నాలుగుకు నాలుగు అంటే దురదృష్టం కూడా కావచ్చు. చిన్న లెక్కలు చూసి కంగారుపడి అన్నీ మార్చేస్తే అసలు కారణం ఎప్పటికీ దొరకదు కాబట్టి ఆగాం. ఆ ఆగడం తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. కాకపోతే ఈ పనిలో ఒక ఇబ్బంది ఉంది. ఇవాళ ఎక్కించిన పిండం ఫలితం మూడు నాలుగు వారాల తర్వాత గానీ స్కానింగ్‌లో తెలియదు. ఈలోపు ఇంకో నాలుగైదు బ్యాచ్‌లు వెళ్లిపోతాయి. నమ్మదగిన లెక్క చేతికొచ్చేసరికి 52 పిండాలు ఎక్కించి ఉన్నాం. నిలిచినవి 13.

ల్యాబ్ షీట్లలో మాత్రం అంతా సవ్యంగానే ఉంది. మూడో రోజు లెక్కపెట్టే క్లీవేజ్, అంటే కణ విభజన మొదలైన అండాల శాతం, ఎప్పటిలాగే ఉంది. బ్లాస్టోసిస్ట్ శాతం కాస్త తగ్గింది గానీ, ఎండాకాలంలో అంత తేడా మామూలే. గ్రేడ్‌లు కూడా అలాగే ఉన్నాయి, పదింటిలో ఏడెనిమిది ఫస్ట్ గ్రేడ్. దశలు కూడా పాత తీరులోనే 5, 6, 7. ఈ చివరి మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

మొదట చేసినవి, పనిచేయనివి

పిండాలు బాగున్నాయని షీట్ చెబుతున్నప్పుడు ఎవరైనా ముందు అనుమానించేది రిసిపియెంట్ ఆవులనే, అంటే పిండం ఎక్కించుకునే ఆవులనే. మేమూ అదే చేశాం. ఎదకు వచ్చిన రోజును మరింత గట్టిగా సరిచూశాం. ట్రాన్స్‌ఫర్ రోజు, అంటే పిండం ఎక్కించే రోజు, ప్రతి ఆవునూ స్కాన్ చేసి, కార్పస్ లూటియం (అండం విడుదలయ్యాక అండాశయంలో ఏర్పడి చూడిని నిలిపే గ్రంథి) సరైన సైజులో ఉంటేనే ఎక్కించాం. బక్కచిక్కిన ఆవులను పక్కన పెట్టాం. ఒక బ్యాచ్‌ను ఇద్దరు వేర్వేరు మనుషుల చేత సగం సగం ఎక్కించాం. ఇద్దరి ఫలితమూ ఒకేలా, తక్కువగానే వచ్చింది. దాంతో చెయ్యి తప్పు కాదని తేలింది. అదే వారం అవే మందల్లో మామూలుగా ఎద సూది వేసిన, అంటే నేరుగా వీర్యం ఎక్కించిన ఆవులు ఎప్పటిలాగే చూడి కట్టాయి. ఆవుల తప్పు కూడా కాదన్నమాట.

తర్వాత ఇంక్యుబేటర్. వేరే థర్మామీటర్‌తో వేడి, వేరే అనలైజర్‌తో గ్యాస్ కొలిచాం. మీడియం పీహెచ్ కొలిచాం, 7.2, 7.4 మధ్యే ఉంది. ఆస్మోలాలిటీ, అంటే ద్రవంలో కరిగిన లవణాల్లాంటి వాటి గాఢత, కూడా సరిగానే ఉంది. వీర్యం ఏమైనా మారిందా అని చూశాం. కొన్ని ఆబోతుల వీర్యంతో క్లీవేజ్ ఆలస్యమవుతుందని మాకు అనుభవమే. అయితే పాత ఆరు నెలల్లో వాడిన ఆబోతుల స్ట్రాలే (ఫ్రీజ్ చేసిన వీర్యం గొట్టాలే) ఇప్పుడూ వాడుతున్నాం, బ్యాచ్ నంబర్లూ అవే.

ఇక మిగిలింది గ్రేడింగ్. ఇక్కడ నేను తీసుకున్న నిర్ణయం నెల రోజులు వృథా చేసింది. మనం ఉదారంగా గ్రేడ్ వేస్తున్నామేమో, ఇకపై అచ్చమైన ఫస్ట్ గ్రేడ్ మాత్రమే ఎక్కిద్దాం, ముఖ్యంగా దశ 7 ఉబ్బిన పిండాలనే ఎంచుకుందాం అన్నాను. తర్కం సరిగ్గానే అనిపించింది. బాగా ఉబ్బింది అంటే ఎదుగుదల ముందుంది, ముందున్నది బలమైనది. అలా ఎంచిన పిండాలతోనూ చూడి శాతం మారలేదు.

అప్పుడు ముగ్గురం కలిసి ఫొటోలతో గుడ్డి పరీక్ష పెట్టుకున్నాం. పాత బ్యాచ్‌ల ఫొటోలు, కొత్త బ్యాచ్‌ల ఫొటోలు కలిపేసి, తేదీలు చెరిపేసి, ఎవరికి వారు గ్రేడ్ వేశాం. బాగా మంచివాటి మీద, బాగా చెడ్డవాటి మీద ముగ్గురి మాటా ఒకటే. 1కి 2కి మధ్య, 2కి 3కి మధ్య మాత్రం గొడవ. ఇది ఏ ల్యాబ్‌లోనైనా ఉండేదే. మా అసలు ప్రశ్న కొత్త ఫొటోలకు తక్కువ గ్రేడ్ పడిందా అని. పడలేదు. మా కళ్లకు కొత్త పిండాలు పాతవాటిలాగే ఉన్నాయి. ఒక మనిషి గ్రేడింగ్‌లో అలసత్వం వల్ల ఇది జరగలేదని తెలిసింది గానీ, అంతకు మించి ఏమీ తెలియలేదు.

వెనక్కి తిరిగి చూస్తే ఇంకో సూచన అప్పటికే మా చేతిలో ఉంది. అదే కాలంలో ఫ్రీజ్ చేసి కరిగించిన పిండాలు 24 గంటల్లో మళ్లీ ఉబ్బడం బాగా తగ్గింది. దాన్ని మేం ఫ్రీజింగ్ మెషిన్ సమస్యగా రాసుకుని, మెషిన్ సర్వీసింగ్ చేయించి ఊరుకున్నాం. ఫ్రెష్ ఫలితాల రిజిస్టర్ ఒకటి, ఫ్రీజింగ్ రిజిస్టర్ ఇంకొకటి. రెండూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు లేరు.

ఒక పిండం దగ్గర ఆగినప్పుడు

ఒక రోజు ట్రాన్స్‌ఫర్‌కు రావాల్సిన ఆవు చివరి నిమిషంలో రాలేదు. ఒక ఫస్ట్ గ్రేడ్, దశ 7 పిండం మిగిలింది. యజమాని ఒప్పుకుంటే దాన్ని పరీక్షకు వాడతామని అడిగాం, ఒప్పుకున్నారు. తీరిగ్గా కూర్చుని ఆ ఒక్కదాన్నే చూశాను.

మామూలుగా పిండం డిష్ అడుగున ఒక పక్కకు ఒరిగి ఉంటుంది, మనకు కనిపించే పక్కను చూసి గ్రేడ్ వేస్తాం. పైపెట్ కొనతో మెల్లగా మీడియం ఊదుతూ దాన్ని దొర్లించాను. ఒక పక్క నుంచి చూస్తే లోపలి కణాల ముద్ద గుండ్రంగా, నిండుగా ఉంది. సగం తిప్పేసరికి అదే ముద్ద పల్చటి పలకలా కనిపించింది, గోడకు అంటించిన పిండి బిళ్లలాగా. బయటి గోడ కణాలు వెడల్పుగా సాగి ఉన్నాయి. ఒక్కో కణం అంచు విడిగా గుర్తుపట్టేంత సాగాయి. మంచి బ్లాస్టోసిస్ట్‌లో ఆ గోడ కణాలు చిన్నవిగా, దగ్గర దగ్గరగా ఉండి, విడదీసి చూడటమే కష్టం. పాడైన కణాలు మాత్రం ఒకటో రెండో ఉన్నాయి. కోడ్ ప్రకారం ఇది ఇప్పటికీ ఫస్ట్ గ్రేడే, ఎందుకంటే ఉన్న కణాల్లో 85 శాతానికి పైగా బాగున్నాయి. మొత్తం కణాలు ఎన్ని అని కోడ్ అడగదు.

హెక్స్ట్ 33342 రంగు వేసి ఫ్లోరసెన్స్ కింద కేంద్రకాలు లెక్కపెట్టాం. 61 వచ్చాయి. ఏడో రోజు ఉబ్బిన పిండంలో వందకు పైగా ఉంటాయని మేం ఆశిస్తాం. మా పాత శిక్షణ స్లయిడ్‌లలోనూ అలాగే ఉండేవి.

అక్కడే నా తర్కంలో తప్పు కనిపించింది. పిండం ఉబ్బడం అంటే కణాలు పెరగడం కాదు. బయటి గోడ కణాలు సోడియంను లోపలికి పంపుతాయి, దాని వెంట నీరు చేరి గది ఉబ్బుతుంది. కణాలు తక్కువగా ఉన్నా, సమయం ఇస్తే నీరు నిండుతుంది. నేను బలం అనుకుని ఎంచుకున్నది చాలావరకు నీరు.

మరి సమయం ఎవరిచ్చారు? షీట్లు మళ్లీ తీశాం.

గంటల లెక్క

పాత ఆరు నెలల్లో ఓపీయూ మధ్యాహ్నం జరిగేది. మరుసటి రోజు మధ్యాహ్నం 3 గంటలకు వీర్యకణాలు కలిపేవాళ్లం. ఏడో రోజు పొద్దున 9కి గ్రేడింగ్. అంటే కలిపిన 162 గంటలకు. ఎండలు ముదిరాక ఆవులకు ఇబ్బంది లేకుండా ఓపీయూను తెల్లవారుజాముకు, ట్రాన్స్‌ఫర్‌లను సాయంత్రానికి మార్చాం. వీర్యకణాలు కలపడం పొద్దున 8కి వచ్చింది, గ్రేడింగ్ సాయంత్రం 4కి వెళ్లింది. అంటే 176 గంటలు. షీట్‌లో రెండు చోట్లా రాసింది ఒక్కటే: 7వ రోజు.

పద్నాలుగు గంటలు ఎక్కువ ఇచ్చినప్పుడు ఆరోగ్యమైన పిండాలు ముందుకు జరగాలి. 5లు 6లు కావాలి, 6లు 7లు కావాలి, కొన్ని పైపొర చీల్చుకుంటూ కనబడాలి. మా షీట్‌లో దశలు పాత తీరులోనే 5, 6, 7 అని ఉన్నాయని పైన రాశాను కదా. అది చూసి అంతా బాగుందనుకున్నాం. నిజానికి పిండాలు సగం రోజుకు పైగా వెనకబడ్డాయి, మేం సగం రోజు ఆలస్యంగా చూడటం వల్ల ఆ వెనకబాటు కనిపించలేదు. పాత టైమ్‌కే చూసి ఉంటే ఏడో రోజు డిష్ నిండా మోరులాలు, తొలి బ్లాస్టోసిస్ట్‌లు కనబడి మొదటి వారంలోనే గుండె గుభేల్‌మనేది.

ఇక్కడితో సగం జవాబే దొరికింది. టైమ్ మార్పు వెనకబాటును దాచింది, అంతే. వెనకబాటుకు కారణం వేరే ఏదో ఉండాలి. అది ఎక్కడ మొదలైందో తెలియాలంటే ముందు దశల్లో చూడాలి. మూడో రోజు క్లీవేజ్ లెక్కలో ఏమీ పట్టుబడదు, ఎందుకంటే అప్పటికి త్వరగా విడిపోయినదీ, ఆలస్యంగా విడిపోయినదీ రెండూ విడిపోయినవే. తొలి విభజన వీర్యకణాలు కలిపిన 30 గంటలలోపు అయిన పిండాలు బ్లాస్టోసిస్ట్ దాకా వచ్చే అవకాశం ఎక్కువని ఈ రంగంలో చాలాకాలంగా తెలుసు. మాకూ తెలుసు. చూడటం లేదు, అంతే. ఆ టైమ్‌లో ఇంక్యుబేటర్ తెరిస్తే ఆక్సిజన్, వేడి మారతాయని భయం. ఆ భయం న్యాయమైనదే కాబట్టి అన్ని డిష్‌లూ తెరవకుండా ప్రతి బ్యాచ్‌లో ఒక్క డిష్‌ను మాత్రం 30 గంటలకు, వేడి స్టేజ్ మీద, రెండు నిమిషాలలోపు చూడాలని పెట్టుకున్నాం.

మొదటి డిష్‌లోనే తేడా కనబడింది. రెండు కణాలుగా విడిపోయినవి మూడో వంతు కూడా లేవు. కొన్ని ఒకేసారి మూడు ముక్కలుగా విడిపోయాయి, కొన్నింటిలో చిన్న చిన్న తునకలు తేలుతున్నాయి. ఏడో రోజుకు ఇవేవీ కనబడవు. తునకలు ఒక పక్కకు చేరిపోతాయి లేదా కలిసిపోతాయి.

అంటే కష్టం మొదటి రోజునే, కల్చర్‌లోకి వచ్చిన తొలి గంటల్లోనే మొదలవుతోంది. ఆ కాలంలో మారిన వస్తువులు ఏవి అని జాబితా వేస్తే మిగిలింది ఒక్కటే, మినరల్ ఆయిల్ కొత్త లాట్, అంటే కొత్తగా వచ్చిన సరుకు. ఆయిల్‌ను ఎవరూ అనుమానించరు. అది మూత మాత్రమే అనుకుంటాం. కానీ ఆయిల్ వేడికి, వెలుతురుకు గురైతే అందులో కణాలకు హాని చేసే పెరాక్సైడ్‌లు పుడతాయి, అవి కింద డ్రాప్‌లోకి దిగుతాయి. మా కొత్త సీసాలు స్టోర్‌లో చోటు లేక ఆటోక్లేవ్ (వేడి ఆవిరితో పరికరాలను శుద్ధి చేసే యంత్రం) గదిలో కిటికీ పక్కన కొన్ని వారాలు ఉన్నాయని అప్పుడు బయటపడింది. సరఫరాదారు తప్పా, మా నిల్వ తప్పా అంటే, మాదే అనుకుంటున్నాను. ఆ లాట్‌లో చీకట్లో, చల్లగా ఉంచిన ఒక సీసా బాగానే పనిచేసింది కాబట్టి.

అనుమానం మీద ఆగకుండా పరీక్ష పెట్టాం. డోనర్ ఆవుల అండాలతో ప్రయోగాలు చేయడం మాకు ఇష్టం లేదు. కబేళా నుంచి తెచ్చిన అండాశయాల్లోని అండాలను ఒకే గుంపుగా మెచ్యూర్ చేసి, ఒకే వీర్యంతో కలిపి, కల్చర్‌లోకి మార్చేటప్పుడు మూడుగా విడగొట్టాం. పాత లాట్ ఆయిల్, కిటికీ పక్క ఆయిల్, చీకట్లో ఉంచిన ఆయిల్. మూడుసార్లు చేశాం. డిష్‌ల మీద కోడ్ నంబర్లే ఉన్నాయి, చూసేవాళ్లకు ఏది ఏదో తెలియదు. 30 గంటలకు పాత ఆయిల్‌లో సగానికి పైగా విడిపోతే కిటికీ పక్క ఆయిల్‌లో మూడో వంతు. మూడో రోజుకు ఆ తేడా దాదాపు మాయం. 162 గంటలకు మళ్లీ తేడా స్పష్టం. 176 గంటలకు కంటికి అన్నీ ఒకేలా. రంగు వేసి లెక్కిస్తే కిటికీ పక్క ఆయిల్ పిండాల్లో కణాలు బాగా తక్కువ. మూడు నెలలు మేం ఎందుకు కనిపెట్టలేకపోయామో ఆ నాలుగు చూపుల్లోనే ఉంది. మేం చూసిన రెండు టైమ్‌లూ తేడా కనబడని టైమ్‌లే.

పనిచేసినవి

ఆ ఆయిల్ మొత్తం పారేశాం. కొత్త లాట్ ఏది వచ్చినా కబేళా అండాలతో ఒక బ్యాచ్ నడిపి, 30 గంటల క్లీవేజ్ చూశాకే డోనర్ అండాలకు వాడుతున్నాం. సీసాలు నల్ల కవర్‌లో చల్లని గదిలో ఉంటాయి.

గ్రేడింగ్ షీట్‌లో ‘రోజు’ అనే గడి తీసేసి ‘కలిపిన గంట’, ‘చూసిన గంట’ అని రెండు గడులు పెట్టాం. గ్రేడింగ్‌ను 164, 168 గంటల మధ్యకు తెచ్చాం. దీనికోసం ట్రాన్స్‌ఫర్ టీమ్‌తో చాలాసేపు వాదించాల్సి వచ్చింది. సాయంత్రమే ఎక్కించాలంటే ఎక్కించండి, చూడటం మాత్రం ఆ టైమ్‌కే అని తేల్చుకున్నాం.

ప్రతి పిండాన్నీ కనీసం రెండు వైపులకు దొర్లించి చూస్తున్నాం. ఒక్కోదానికి అర నిమిషం ఎక్కువ పడుతుంది. ఇంకొకటి, ముడుచుకుపోయిన పిండం కనబడితే వెంటనే థర్డ్ గ్రేడ్ అని రాయడం మానేశాం. బ్లాస్టోసిస్ట్‌లు మామూలుగానే కాసేపు ముడుచుకుని మళ్లీ ఉబ్బుతుంటాయి. అలాంటిదాన్ని ఇంక్యుబేటర్‌లో పెట్టి రెండు గంటల తర్వాత చూస్తాం. అలా రెండోసారి చూసినప్పుడు నిండుగా ఉబ్బి, లోపలి ముద్ద గట్టిగా ఉన్న ఒక పిండాన్ని ఎక్కించాం, అది నిలిచింది. మొదటి చూపుకే తేల్చేసి ఉంటే అది చెత్తబుట్టలోకి పోయేది. ఆ ఆవు ఈనిన రోజు దూడ ఫొటో పంపారు, ల్యాబ్ గోడకు అంటించాం.

ఈ మార్పుల తర్వాత మొదటి 48 ఫ్రెష్ ట్రాన్స్‌ఫర్‌లలో 20 నిలిచాయి. కరిగించిన పిండాలు మళ్లీ ఉబ్బడం కూడా పాత స్థాయికి వచ్చింది. అన్నీ ఒకేసారి మార్చాం కాబట్టి ఏ మార్పు వల్ల ఎంత లాభమో విడదీసి చెప్పలేను. నా అంచనాలో ఎక్కువ భాగం ఆయిల్‌ది. గంటల గడి వల్ల పిండాలు బాగుపడవు, ఇంకోసారి పాడైతే మొదటి వారంలోనే తెలుస్తుంది.

ఈ కేసు తర్వాత మా పని ఎలా మారింది

గ్రేడ్ అనేది ఒక క్షణంలో ఒక పక్క నుంచి తీసిన ఫొటో లాంటిదని ఇప్పుడు కొత్తవాళ్లకు మొదటి రోజే చెబుతున్నాను. అందులో క్రోమోజోమ్‌ల లోపం కనబడదు, కణాల సంఖ్య కనబడదు, దారిలో ఎంత ఆలస్యమైందో కనబడదు. అయినా గ్రేడింగ్ మానలేం. ఎక్కించబోయే పిండాన్ని చంపకుండా, ఉన్న కొద్ది నిమిషాల్లో చూడగలిగింది అదే. అందుకే దాని పక్కన ఇంకో రెండు విషయాలు పెట్టుకున్నాం. ఒకటి 30 గంటల చూపు. రెండోది, నెలకోసారి, ఎక్కించగా మిగిలిపోయిన నాలుగైదు ఫస్ట్ గ్రేడ్ పిండాలకు, యజమాని అనుమతితో, రంగు వేసి కణాలు లెక్కపెట్టడం. ఆ లెక్క వంద కిందికి జారితే చూడి ఫలితాల కోసం ఎదురుచూడకుండా అప్పుడే వెతకడం మొదలుపెడతాం. ఫ్రెష్, ఫ్రీజింగ్ రిజిస్టర్లు ఒకటి చేశాం.

తేలని సంగతి ఒకటి ఉంది. 168 గంటలకు ఇంకా మోరులా దగ్గరే ఉండి, ఎనిమిదో రోజు పొద్దునకు అందమైన బ్లాస్టోసిస్ట్ అయ్యే పిండం. కోడ్ చూస్తే ఫస్ట్ గ్రేడ్, గంటలు చూస్తే వెనకబడింది. విలువైన డోనర్ నుంచి ఆ రోజు వచ్చింది అదొక్కటే అయితే పారేయడానికి చెయ్యి రాదు. అలాంటిదాన్ని ఇప్పుడు ఫ్రీజ్ చేయడం లేదు. షీట్‌లో గ్రేడ్ పక్కన గంటలు కూడా రాసి, యజమానికి ఫోన్ చేసి అవకాశం తక్కువని చెప్పి, సరేనంటే, ఎదకు ఒక రోజు ఆలస్యంగా వచ్చిన ఆవును చూసి ఫ్రెష్‌గా ఎక్కిస్తున్నాం. ఇప్పటికి అలా ఎక్కించినవి తొమ్మిది, నిలిచినవి రెండు.